కడిగి ఆరబెట్టిన ఖాళీ పొట్లాలు

అంగన్‌వాడీలో కొత్తగా చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. సూరత్ శివారులోని ఉన్‌లో నా తర్వాత నా కుర్చీలో కూర్చున్న అమ్మాయి అయితే నెలకొకసారి తప్పకుండా వస్తుంది. చాయ్ తాగి, నా మోకాళ్ల నొప్పుల సంగతి అడిగి, ఆఖరికి అసలు మాటకొస్తుంది. నా సెంటర్‌కు అప్పట్లో మంచి పేరుండేదట, అది ఎలా తెచ్చుకున్నానో చెప్పాలట. ఏం చెప్పను? పేరు ఎలా వచ్చిందో చెప్పుకోవడానికే సిగ్గు. ఎలా పోయిందో చెబుతాను. మీకు పనికొస్తే అదే పనికొస్తుంది.

కరీంనగర్ పక్క పల్లె నుంచి పెళ్లయి సూరత్ వచ్చినదాన్ని నేను. మా ఆయన సాంచెల మీద, అంటే పవర్‌లూమ్ మగ్గాల మీద, పన్నెండు గంటల షిఫ్టు, ఇక్కడి మాటలో పాలీ, చేసేవాడు. మా గల్లీలో తెలుగు వాళ్లే ఎక్కువ. చిన్న పిల్లలకు గుజరాతీ రాదు, ఆఫీసు వాళ్లకు తెలుగు రాదు. పదో తరగతి పాసైన తెలుగామె ఎవరైనా ఉన్నారా అని వెతుకుతుంటే నేను దొరికాను. అలా చేరి ఇరవై ఆరేళ్లు చేశాను. దాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. అందులో గౌరవం ఎంతో చేసినవాళ్లను అడగండి.

నాకు తోడు ఒక తెడాగర్ బెన్ ఉండేది. పిల్లల్ని ఇళ్ల నుంచి పిలుచుకొచ్చి, వండి, తినిపించే సహాయకురాలిని ఇక్కడ అలా అంటారు. ఈ పక్క పల్లె మనిషే, గుజరాతీ ఆమె, నాకంటే నాలుగేళ్లు పెద్దది. చదువు రాదు. నేను రిజిస్టర్ చూసి చెప్పే సంగతిని ఆమె పిల్ల బుగ్గ చూసి చెప్పేది. అందుకే మా ఇద్దరికీ రోజూ తగువే.

మా సెంటర్‌కు పేరు తెచ్చింది నేను పెట్టిన ఒక రూలు. మూడేళ్ల లోపు పిల్లలకు నెలకు ఏడు పొట్లాల పిండి ఇస్తాం కదా, నీళ్లు పోసి కలిపితే తినగలిగేలా వేయించిన తీపి పిండి. ఒకసారి మా వెనక తబేలాలో, గేదెల తొట్టి పక్కన, ఆ పొట్లాల రంగు కవర్లు కనిపించాయి. ఎవరు అమ్ముకున్నారో, ఎవరు ఊరికే పోశారో తెలియదు. నాకు కోపం నషాళానికి అంటింది. మర్నాటి నుంచి చెప్పేశాను, ఖాళీ పొట్లాలు కడిగి ఆరబెట్టి తెస్తేనే వచ్చే నెల కొత్తవి ఇస్తానని. తబేలా వాడు కొన్న పొట్లాన్ని కడిగి తిరిగివ్వడు కదా, అదీ నా తెలివి. తల్లులు కొన్నాళ్లు గొణిగారు, తర్వాత అలవాటు పడ్డారు. మా ముఖ్యసేవిక, అంటే మా మీద పాతిక సెంటర్లు చూసుకునే మేడమ్, మీటింగ్‌లో నన్ను నిలబెట్టి చప్పట్లు కొట్టించింది. పల్సానా పక్క సెంటర్ల వాళ్లు కూడా మా పద్ధతి చూసిపోవడానికి వచ్చారు. ఆ రోజు నేను కొత్త చీర కట్టుకున్నాను కూడా.

ఆ తర్వాత కరోనా వచ్చి అన్నీ బంద్ అయ్యాయి. పగలూ రాత్రీ ఆగని సాంచెల టకటక ఒక్కసారిగా ఆగిపోయేసరికి కొన్నాళ్లు ఎవరు మాట్లాడినా అరిచినట్టే ఉండేది. సగం గదులకు తాళాలు పడ్డాయి. ఏ బండి దొరికితే ఆ బండి పట్టుకుని ఊళ్లకు పోయారు. మా సెంటర్ మూసేయమన్నారు. గోధుమపిండి, బెల్లం, నెయ్యి కలిపి సుఖడీ చేసి పెద్ద పిల్లలకూ, పొట్లాలు చిన్నపిల్లలకూ ఇంటింటికీ పంచమన్నారు. పిల్లల్ని ముట్టుకోవద్దు, తూకం వేయొద్దు అన్నారు.

తూకం వేయొద్దన్నారు సరే. రిజిస్టర్‌లో తూకం గడి ఉంటుంది కదా, అది ఖాళీగా ఉంటే రేపు ఎవరైనా ఎందుకు ఖాళీ అని అడుగుతారేమోనని నా భయం. రాయమని ఎవరూ చెప్పలేదు, నేనే రాశాను. గడప బయట నిలబడి పిల్లను ఒకసారి చూసి, పోయిన నెల అంకెకు రెండు వందల గ్రాములు కలిపి రాసేదాన్ని. ఎదిగే పిల్ల నెలకు ఆ మాత్రం ఎదగదా అనుకున్నాను. కాంటా లేకుండా ఎలా రాస్తున్నావని తెడాగర్ బెన్ అడిగితే, నా కన్నే కాంటా అన్నాను. ఆ కంటికి అద్దాలున్నాయి కదా అంది ఆమె. నవ్వుకుని ముందుకు పోయాం.

గల్లీ చివరి గదిలో ఒక కుటుంబం ఉండేది. భర్త సాంచెల మీద కారీగర్. భార్య ఇంట్లోనే కూర్చుని చీరలకు టీకీలు, అంటే మెరుపు చుక్కలు, అతికించేది. ముగ్గురూ ఆడపిల్లలే. పెద్దవాళ్లిద్దరూ మున్సిపాలిటీ తెలుగు బడికి పోయేవాళ్లు, చిన్నది నా రిజిస్టర్‌లో పిల్ల. బంద్ మొదలైనప్పుడు దానికి ఏడాదిన్నర కూడా నిండలేదు, తూకం ఎనిమిదిన్నర కిలోలు. అది నిజంగా కాంటా మీద చూసిన తూకమే. వాళ్లకు ఊరు పోవడానికి మొదట బండి దొరకలేదు. తర్వాత దొరికినా ముగ్గురు పిల్లలతో అంత దూరం పోయి అక్కడ మాత్రం ఏం చేస్తామని ఆగిపోయారు.

ఆమెలాంటి తల్లి నా గల్లీలో ఇంకొకరు లేరనుకునేదాన్ని. ఏడు పొట్లాలు ఇస్తే ఏడు ఖాళీలూ తిరిగొచ్చేవి. కడిగి, ఆరబెట్టి, ఒకే తీరుగా మడిచి, సాంచె పోగుతో కట్ట కట్టి ఇచ్చేది. ఆ కట్టను మిగతా ఆడవాళ్లకు చూపించి, చూడండి, తల్లంటే ఇట్లుండాలె అని బుద్ధులు చెప్పేదాన్ని. వానలు పడుతున్న రోజుల్లో ఒకసారి, పొట్లాలు అందుకుంటూ ఆమె, పిల్ల మొలతాడు జారుతున్నదక్కా అంది. పిల్ల నడుముకు కట్టిన నల్లతాడు ఎదిగేకొద్దీ బిగుతవుతుంది, తల్లి ముడి విప్పి వదులు చేస్తుంది. మన ఇళ్లలో ఇది తెలియని వాళ్లు లేరు. నాకూ తెలుసు. కానీ నాకు ఇంకా పదిహేను ఇళ్లు మిగిలి ఉన్నాయి, మాస్కు లోపల ఊపిరాడటం లేదు. "కొత్తది కట్టరాదు మరి" అని పక్కింటికి నడిచాను. ఆ నెల కూడా రెండు వందల గ్రాములు కలిపాను.

దీపావళి ముందు మళ్లీ తూకాలు వేసుకోవచ్చన్నారు. గల్లీలో ఒక ఇనుప కమ్మీకి కాంటా వేలాడదీసి, ఒక్కొక్క పిల్లను సంచిలో కూర్చోబెట్టి చూస్తున్నాం. ఈ పిల్ల వంతు వచ్చింది. రెండేళ్లు నిండాయి దానికి. నా రిజిస్టర్ ప్రకారం తొమ్మిది కిలోల తొమ్మిది వందలు ఉండాలి. ముల్లు ఏడు కిలోల తొమ్మిది వందల దగ్గర ఆగింది. కాంటా చెడిపోయిందన్నాను. తెడాగర్ బెన్ పిల్లను దించి, దుకాణానికి పోయి కిలో చక్కెర పొట్లం తెచ్చి సంచిలో వేసింది. ముల్లు సరిగ్గా కిలో మీద నిలబడింది. అప్పుడు పిల్ల జబ్బకు టేపు చుట్టాను. ఎరుపు గుర్తులో పడింది. టేపు ఎరుపులో పడితే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. ఒక విరేచనమో, ఒక జ్వరమో వస్తే చాలు, ఆ పిల్ల మన చేతిలో ఉండదు.

భయమేసినప్పుడు నాకు కోపం వస్తుంది, అది నా పుట్టుబుద్ధి. పదిమంది ఆడవాళ్ల ముందు ఆ తల్లి మీద పడ్డాను.

"ఏడు పాకిట్లు ఏడు ఖాళీలు తెస్తున్నవ్. పిండి ఏడికి పోతున్నది? పిల్ల నోటికాడిది తబేలల పోస్తున్నవా?"

 ఆమె పిల్లను నా చేతుల్లోంచి తీసుకుని, భుజాన వేసుకుని, గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది. నిన్నటిదాకా నేను మెచ్చుకున్న తల్లిని తిట్టానని మిగతా ఆడవాళ్ల ముఖాల్లో కొంచెం సంతోషం కూడా కనిపించింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. 

మర్నాడు మధ్యాహ్నం తెడాగర్ బెన్ నా చేయి పట్టుకుని గల్లీ చివరికి లాక్కుపోయింది. అన్నం వేళకు ఎవరింటికీ పోకూడదంటారు కదా, నేను అన్నేళ్లూ ఆ మర్యాద పాటించాను. ఆమె పాటించదు. నేరుగా గడప దగ్గర నిలబడి, తినండి తినండి, మేం ఊరికే వచ్చాం అంది. చూశాను. పొయ్యి మీద పెనం ఉంది. పెనం మీద రొట్టె. ఆ రొట్టె మన పొట్లం పిండిదే, కొంచెం జొన్నపిండి కలిపి కొట్టింది. భర్తకు మొదట పెట్టింది. సాంచెలు మళ్లీ సగం నడుస్తున్నాయి, అతను పన్నెండు గంటలు నిలబడాలి, అతనికి మొదట పెట్టకపోతే ఎలా. తర్వాత పెద్ద పిల్లలిద్దరికీ పెట్టింది. బడి ఉన్నన్నాళ్లు వాళ్ల మధ్యాహ్నం తిండి బడిలోనే అయ్యేది, బడి మూతపడ్డాక ఆ రెండు నోళ్లూ ఇంటి మీద పడ్డాయి. ఆఖరికి ఆమె కూర్చుంది, చిన్నదాన్ని ఒళ్లో పెట్టుకుని. వాళ్లిద్దరికీ ఒకే కంచం, అందులో ఒకే రొట్టె.

మన ఇళ్లలో మూడేళ్ల దాకా పిల్లకు వేరే కంచం ఉండదు. నా పిల్లలు కూడా నా కంచంలోనే తిన్నారు. తల్లి ముద్ద ముద్దకూ పిల్ల నోట్లో కొంచెం పెడుతుంది, అది ముద్దుగానే ఉంటుంది చూడటానికి. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. ఇక్కడ వడ్డించేది తల్లే, కడబంతిలో కూర్చునేదీ తల్లే, పిల్ల ఆమెతోపాటు కడబంతిలోనే. ఇంట్లో గింజలు తగ్గితే మొదట తగ్గేది ఆ కంచమే. పిల్లల పోషణ గురించి నేను ఎన్ని బొమ్మల చార్టులు గోడకు అంటించానో, చేతులు కడుక్కోమని, ఆకుకూర పెట్టమని ఎన్ని పాఠాలు చెప్పానో లెక్కలేదు. అంతా కడుపు నిండిన బేరం.

అతను తిని లేచి బయటికి పోయాక ఆమె నా వైపు చూసింది. గొంతు పెంచలేదు.

"ఖాళీ పాకిట్లు తెమ్మంటివి అక్కా, తెచ్చిన. పిండి ఎవలు తిన్నరని ఎన్నడన్న అడిగినవా?"

నేను గడప మీద కూర్చున్నాను. అప్పుడు మెల్లగా అన్నీ చెప్పింది. వాళ్ల రేషన్ కార్డు ఊళ్లో ఉంది, అక్కడ అత్త ఒక్కతే ఉంటుంది. ఆరుగురి బియ్యం ఆమె వేలిముద్ర మీద తీసుకుని, తన వంతు ఉంచుకుని, మిగతాది సంచికెత్తి సూరత్ వచ్చే ట్రావెల్స్ బస్సులో వేసేది. మా గల్లీలో సగం ఇళ్లు అలాగే బతికేవి. బస్సులు ఆగిపోయాయి, బియ్యమూ ఆగిపోయింది. ఎండాకాలం చివర రెండు నెలలు, కార్డు లేకపోయినా ఆధార్ చూపిస్తే చాలని అందరికీ గింజలిచ్చారు. ఆ రెండు నెలలు పొట్లం పిండి పిల్లకే పెట్టిందట. తర్వాత ఆ గింజలు ఆపేశారు. బస్సులు మళ్లీ మొదలైనా అవి వారానికి వస్తాయో రావో తెలియదు, అత్తకు జ్వరం వచ్చి దుకాణం దాకా పోలేకపోయింది.

ఎట్లా నమ్మేది అన్నట్టు నేను చూశానేమో, ఆమె పిల్ల గౌను ఎత్తి మొలతాడు చూపించింది. నల్లతాడు మీద పాత ముడుల మడతలు వరసగా ఉన్నాయి. ఇగో, గింజలిచ్చిన రెండు నెల్లు ఇక్కడికి వదులు చేసిన అని ఒక మడత మీద వేలు పెట్టింది. ఆ తర్వాత ఇక్కడికి బిగించిన, మళ్ల ఇక్కడికి బిగించిన అని లోపలికి లోపలికి వేలు జరిపింది. ఏడు నెలలు నేను రిజిస్టర్‌లో రాసిందంతా అబద్ధం, ఆ తాడు మీదున్నది నిజం. గింజలు ఇంటికి వచ్చినప్పుడు పిల్ల నడుము పెరిగింది, ఆగినప్పుడు తగ్గింది. నేను చెప్పిన పాఠాలకు అది పెరగనూ లేదు, తగ్గనూ లేదు.

ఇప్పుడు చేయాల్సింది తేలికే అనుకుంటారు. పిల్లను ఎరుపు జాబితాలో ఎక్కిస్తే చాలు, ఆసుపత్రి పోషణ వార్డులో పద్నాలుగు రోజులు మంచం, ఎక్కువ పొట్లాలు, పైనుంచి ఆరా అన్నీ వస్తాయి. కానీ పోయిన నెల వరకూ బాగున్న పిల్ల, నా చేతిరాతతోనే బాగున్న పిల్ల, ఈ నెల రెండు కిలోలు ఎలా తగ్గింది? మేడమ్‌కు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె అంతా వింది. చెడ్డ మనిషి కాదు. ఆ ఏడాది ఆమె కూడా ఇంట్లో ఇద్దరిని ఆసుపత్రిలో పెట్టుకుని తిరిగింది. ఆఖరికి, "ధీమే ధీమే ఉతారో, బెన్" అంది. మెల్లమెల్లగా దింపు అని. ఈ నెల పసుపులో చూపించు, వచ్చే నెల ఇంకొంచెం తగ్గించు, ఆపై నెల ఎరుపులో పెట్టు. ఎవరూ అడగరు. నీకు ఇంక రెండేళ్లే ఉంది సర్వీసు, ఎందుకు కొరివితో తల గోక్కుంటావు అంది.

కాగితం మీద దింపడానికి మూడు నెలలు కావాలి. పిల్లకు మూడు నెలలు ఉన్నాయో లేదో మేడమ్‌కు తెలియదు, నాకూ తెలియదు. మా ఆయన అప్పటికే పోయాడు. నా చేతికి వచ్చే ఆ కాస్త వేతనం తప్ప నాకు వేరే ఆధారం లేదు. ధైర్యవంతురాలినని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. నెలవారీ మీటింగ్ రోజు పొద్దున బస్సు ఎక్కేటప్పుడు కూడా నేను మేడమ్ చెప్పినట్టే పసుపులో చూపించాలనుకున్నాను, అలా రాసిన కాగితం నా సంచిలో ఉంది కూడా.

హాలులో కుర్చీలు దూరం దూరంగా వేశారు. మేడమ్‌కు పై అధికారి, సాహెబ్, ఒక్కొక్క సెంటర్ పేరు చదువుతూ పోయాడు. మా సెంటర్ దగ్గర ఆగాడు. ఈ కష్టకాలంలో ఒక్క పిల్ల కూడా ఎరుపులో లేని సెంటర్ ఇది, ఖాళీ పొట్లాల పద్ధతి వీళ్లదే, అందరూ నేర్చుకోండి అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు గనక కొట్టకపోతే నేను కూర్చునే ఉండేదాన్నేమో, నిజం చెబుతున్నాను. లేచి నిలబడ్డాను. నా తూకాలు అబద్ధం సార్ అన్నాను. ఎన్ని నెలలవి అని అడిగాడు. ఏడు నెలలవి అన్నాను. ఒక పిల్ల ఎరుపులో ఉంది, ఇంకా ఎందరున్నారో కాంటా వేస్తే గానీ తెలియదు అన్నాను. నా హిందీ ఎప్పుడూ సరిగా ఉండదు, ఆ రోజు మాత్రం అందరికీ అర్థమైంది. మేడమ్ తల దించుకుంది. సాహెబ్ కోప్పడలేదు, రాసివ్వండి అన్నాడు, అంతే.

మూడు రోజుల్లో గల్లీ పిల్లలందరినీ మళ్లీ తూచాం. ఎరుపులో ఇంకో నలుగురు తేలారు. ఒక గదికి అప్పటికి వారం కిందటే తాళం పడింది, వాళ్ల పిల్ల నా రిజిస్టర్‌లో దిట్టంగా ఉంది. ఫోన్ చేస్తే ఆ నంబరు పనిచేయలేదు. ఆ పిల్ల ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు.

నాకు నోటీసు వచ్చింది, రెండు నెలలు వేతనం ఆగింది. అది న్యాయమే. దానికంటే నన్ను సతాయించింది ఇంకో కాగితం. ఎరుపు పిల్ల ఒక్కొక్కరికీ ఒక ఫారం నింపాలి, అందులో కారణం అని ఒక గడి ఉంటుంది. జబ్బు, నెలలు నిండని కాన్పు, తల్లికి అవగాహన లేకపోవడం, ఇలా కొన్ని. అప్పటిదాకా అన్నేళ్లూ నేను తల్లికి అవగాహన లేదు అనే దాని పక్కనే టిక్కు పెట్టాను, కళ్లు మూసుకుని. ఈసారి దాని కింద చోటు చూసుకుని, ఇంట్లో గింజలు లేవు అని రాశాను. మేడమ్ ఫోన్ చేసి, ఇది చెల్లదు బెన్, గింజలు మన శాఖ కాదు, ఉన్నవాటిలోనే ఒకటి ఎంచుకో అంది. అయితే కార్యకర్త నిర్లక్ష్యం అని రాయండి మేడమ్, ఆ తల్లి మీద మాత్రం వేయకండి అన్నాను. దానికీ గడి లేదు బెన్ అంది. ఇద్దరమూ నవ్వలేక నవ్వాం. కానీ ఆ సాయంత్రమే ఆమె తన లెటర్‌హెడ్ మీద రేషన్ ఆఫీసుకు ఉత్తరం రాసింది, మన శాఖ కాని ఆ గింజల గురించే. ఆ ఉత్తరం నాకు చూపించలేదు, తెడాగర్ బెన్‌కు ఎలాగో తెలిసింది.

ఆసుపత్రికి పోనని తల్లి మొండికేసింది. పద్నాలుగు రోజులు, అదీ కరోనా ఉన్న ఆసుపత్రిలో. భర్త పల్సానాలో కొత్త ఖాతాలో, అంటే ఇంకో మగ్గాల కార్ఖానాలో, చేరి వారానికొకసారి ఇంటికి వస్తున్నాడు, పెద్ద పిల్లల్ని ఎవరికి అప్పగించాలి? నేను ఎన్నో చెప్పాను, వినలేదు.  తెడాగర్ బెన్ మాత్రం ఆ ఇద్దరు పిల్లల చేతులు పట్టుకుని తన ఇంటికి తీసుకుపోయింది. వాళ్లది ఉల్లిపాయ కూడా ఆలోచించి వేసే వంటిల్లు. మూడో రోజుకు పిల్లలు గుడ్డు కావాలని ఏడుపు. ఆమె వాకిట్లో మూడు ఇటుకలు పెట్టి, పాత గిన్నెలో గుడ్లు ఉడకబెట్టి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఒలిచి ఇచ్చిందట. ఆ గిన్నె తర్వాత ఏం చేశావని అడిగితే, కడిగి దాచాను, మళ్లీ వస్తారు కదా అంది.

పద్నాలుగు రోజుల తర్వాత పిల్ల కాస్త తేరుకుని ఇంటికి వచ్చింది. అక్కడితో అయిపోయిందని మీరు అనుకుంటారు, నేనూ అనుకున్నాను. తెడాగర్ బెన్ మాత్రం, ఆసుపత్రి మంచం ఇంటికి రాలేదు కదా, ఇంట్లో కంచం అదే కదా అంది. మళ్లీ జారకుండా ఆపాల్సింది గింజలే. ఊళ్లో ఉన్న కార్డు మీద ఇక్కడి దుకాణంలో తమ వంతు తీసుకోవచ్చని ఉత్తర్వు ఉంది, కానీ దుకాణపాయన మిషన్‌లో నంబరు తెరుచుకోవడం లేదని రోజూ తిప్పాడు. ఊళ్లో డీలర్‌తో ఫోన్‌లో మాట్లాడి, ఆధార్‌లు కలిపించి, మేడమ్ ఉత్తరం పట్టుకుని ఆఫీసులో రెండు పూటలు కూర్చుంటే గానీ అది తెరుచుకోలేదు. మొదటిసారి ఆమె వేలు పెట్టగానే మిషన్‌లోంచి చీటీ వచ్చింది. అక్కడ అత్త వంతు అత్తకు, ఇక్కడ ఐదుగురి వంతు వీళ్లకు. దాంతోపాటు ఆ రోజుల్లో ఇస్తున్న ఉచిత గింజలు కూడా. మిగతా ఇళ్ల వాళ్లు ఆమె వెనకే వరస కట్టారు, వాళ్లకూ నడిచింది.

నేను అప్పటి నుంచి ప్రతి నెలా కాంటా మీదే తూచాను. ఖాళీ పొట్లాలు అడగడం మానేశాను. పిల్ల ఎరుపు నుంచి పసుపుకు రావడానికి రెండు నెలలు పట్టింది, ఆకుపచ్చకు రావడానికి మళ్లీ ఎండాకాలం అయింది. మిగతా నలుగురిలో ముగ్గురు కూడా వచ్చారు. నాలుగోవాళ్లకు ఏ కార్డూ లేదు, ఆ పిల్ల పసుపులోనే ఆగింది. ఈ ఇళ్లలో ఏ తల్లికీ నేను కొత్త పాఠం చెప్పలేదు. తల్లులు వాళ్లే, పిండి అదే, మారింది ఇంటికి వచ్చిన బియ్యం సంచి ఒక్కటే. ఈ మాట ఇరవై నాలుగేళ్లు పట్టింది నాకు తెలుసుకోవడానికి. మీకు అంత పట్టకూడదు.

ఇంకొకటి మిగిలింది. ఆమెను తిట్టింది నలుగురిలో, కాబట్టి తప్పు ఒప్పుకోవాల్సింది కూడా నలుగురిలోనే. రెండో విడత కరోనా కాస్త తగ్గాక ఒక పొద్దున పోయాను. గడపల్లో ఆడవాళ్లు చీరలు పరుచుకుని టీకీలు అతికిస్తున్నారు. పిల్ల పక్కింటి పిల్లలతో కొట్లాడుతోంది, దిట్టంగా. నేను వాళ్ల మధ్య నిలబడి చెప్పాను, ఆనాడు నిన్ను అన్న మాట తప్పు, తప్పు నాది, నన్ను మాఫ్ చెయ్యి అని.  మిగతా ఆడవాళ్ల చేతులు ఆగాయి. ఆమె చేయి ఆగలేదు. జిగురు అద్దుతూ, తల ఎత్తకుండానే అంది.

"మాఫీ గీఫీ నేనేం జేసుకోవాలె అక్కా. వచ్చే నెల గుడ ఆ ఫిరీ గింజలిస్తరా లేదా, గదొక్కటి అడిగి చెప్పు జర."

అక్కడే నిలబడి మేడమ్‌కు ఫోన్ చేశాను. పైనుంచి ఇంకా ఉత్తర్వు రాలేదంది.